క్లాంప్ ఎర్త్ టెస్టర్: వాడకం, సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు పనిచేసే ఎలక్ట్రీషియన్లు, రైస్ మిల్లుల సూపర్‌వైజర్లు, టవర్ మెయింటెనెన్స్ కుర్రాళ్లు, ఎర్త్ వైరు విప్పకుండా దాన్ని దవడలతో పట్టి ఎర్త్ రెసిస్టెన్స్ కొలిచే ఈ మీటరు గురించి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే ఒక్కచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది. అందువల్ల ముఖ్యమైన ఒకటి రెండు మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

## కొనే ముందు

స్పైకులు (నేలలో గుచ్చే ఇనుప కడ్డీలు) పాతకుండా, వైరు విప్పకుండా ఎర్త్ రెసిస్టెన్స్ ఎలా చెప్పగలుగుతుంది?

వైరును చుట్టి పట్టే మీటరు దవడల్లో రెండు కోర్లు (తీగ చుట్టిన లోహపు వలయాలు) ఉంటాయి. ఒక కోరు, మీరు పట్టిన ఎర్త్ వైరులో చిన్న వోల్టేజి పుట్టిస్తుంది. ఆ వోల్టేజికి వైరులో ఎంత కరెంటు పారిందో రెండో కోరు కొలుస్తుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తుంది. లైనులోని 50 హెర్ట్జ్ కరెంటుతో కలిసిపోకుండా చాలా మోడళ్లు 1.6 నుంచి 3.4 కిలోహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీ వాడతాయి.

గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, కరెంటు పారాలంటే అది తిరిగొచ్చే దారి ఉండాలి. మీరు పట్టిన వైరు గుండా పిట్‌లోకి (ఎర్త్ పైపు పాతిన గుంతలోకి) దిగి, భూమిలో పారి, ఇంకో పిట్ గుండా పైకొచ్చి, మళ్లీ అదే వైరుకు చేరాలి. మీటరు చూపించేది ఆ మొత్తం చుట్టు రెసిస్టెన్స్. ఒక్క పిట్‌ది మాత్రమే కాదు. ఈ ఒక్క మాట పట్టుబడితే ఈ మీటరుతో వచ్చే తప్పుల్లో చాలావరకు రావు.

మా దగ్గర మామూలు క్లాంప్ మీటరు ఉంది, దానితో కుదరదా?

కుదరదు. మామూలు క్లాంప్ మీటరు (టాంగ్ టెస్టర్) వైరులో ఇప్పటికే పారుతున్న కరెంటును చూస్తుంది తప్ప, తనంతట తాను వోల్టేజి పుట్టించదు. లీకేజీ కరెంటు ఎంతుందో చూడటానికి మాత్రం మిల్లీ ఆంపియర్ల రేంజ్ ఉన్న మంచి క్లాంప్ మీటరు పనికొస్తుంది.

ఇది కొంటే స్పైకులు పాతి కొలిచే పాత ఎర్త్ మెగ్గర్ అమ్మేయొచ్చా?

అమ్మొద్దు. కొత్తగా వేసిన పిట్‌ను దేనికీ కలపకముందు కొలవాలంటే, ఒకే ఒక్క పిట్ ఉన్న ఇంట్లో కొలవాలంటే, సబ్‌స్టేషన్ మొత్తం ఎర్త్ మ్యాట్ (భూమిలో పరిచిన ఎర్త్ పట్టీల వల) విలువ కావాలంటే స్పైకుల మెగ్గర్ తప్పదు. క్లాంప్ టెస్టర్ బలం వేరే చోట ఉంది. చాలా పిట్‌లు ఒకదానికొకటి కలిసి ఉండి, సప్లై ఆపడం కష్టమై, చుట్టూ సిమెంటు వేసి స్పైకు దిగని చోట దీనికి సాటి లేదు. ఒక పెద్ద జిన్నింగ్ మిల్లులో పిట్‌లన్నీ స్పైకులతో కొలవాలంటే పూటంతా పడుతుంది. క్లాంప్‌తో గంటలో అయిపోతుంది.

కొనేటప్పుడు ముఖ్యంగా ఏం చూడాలి?

అన్నిటికంటే ముందు దవడ సైజు. చాలా మోడళ్లలో 32 నుంచి 35 మిల్లీమీటర్ల మందం వరకే పడుతుంది. 8 నంబరు జీఐ (జింకు పూత ఇనుము) వైరు, 25×6 జీఐ పట్టీ సులువుగా పడతాయి. మిల్లుల్లో, సబ్‌స్టేషన్లలో వాడే 50×6 పట్టీ మాత్రం పట్టదు. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు బయటి కొలత సుమారు 48 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి అదీ పట్టదు. మీ దగ్గర ఎక్కువగా ఏ సైజు పట్టీ ఉందో చూసుకున్నాకే మోడల్ ఎంచుకోండి. 

తర్వాత చూడాల్సింది లీకేజీ కరెంటు కొలిచే రేంజ్. అది లేని మీటరు కొనొద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఎర్త్ వైరు మీద చెయ్యి వేసే ముందు అందులో కరెంటు ఉందో లేదో తెలియాలి. డబ్బాలో మీటరును సరిచూసే టెస్ట్ రింగ్ వస్తుందో లేదో అడగండి. రీడింగులు మీటరులోనే దాచుకునే మెమరీ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

## పనికి బయల్దేరే ముందు

స్విచ్ ఆన్ చేసేటప్పుడు పాటించాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఆన్ చేయగానే మీటరు కొన్ని క్షణాలు తనను తాను సరిచూసుకుంటుంది. ఆ టైములో దవడలు పూర్తిగా మూసి ఉండాలి, మధ్యలో ఏ వైరూ ఉండకూడదు, లివర్ మీద వేలు పెట్టకూడదు. వైరుకు తగిలించి ఆన్ చేస్తే ఆ తర్వాత వచ్చే రీడింగులన్నీ అనుమానమే. అలా జరిగిందనిపిస్తే ఆఫ్ చేసి, ఖాళీగా పట్టుకుని మళ్లీ ఆన్ చేయండి.

డబ్బాలో వచ్చిన టెస్ట్ రింగ్ ఎందుకు?

మీటరు సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవడానికి. రింగు మీద 1, 10, 25 ఓం లాంటి విలువలు రాసి ఉంటాయి. దవడలు దానికి తగిలిస్తే మాన్యువల్‌లో చెప్పిన హద్దుల్లో ఆ విలువ రావాలి. రాకపోతే ఆ రోజు కొలత మొదలుపెట్టొద్దు. ముందు దవడల అంచులు తుడిచి మళ్లీ చూడండి, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. పని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రింగుతో సరిచూసి రెండు విలువలూ రాసుకుంటే, మధ్యలో తీసుకున్న రీడింగుల మీద ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఏ నెలలో కొలవడం మంచిది?

ఏప్రిల్, మే నెలల్లో, వానలు పడకముందు. నేలలో తడి తగ్గేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఎర్త్ బలహీనంగా ఉండే కాలంలో కొలిస్తేనే దాని అసలు సంగతి బయటపడుతుంది. విద్యుత్ భద్రతా నిబంధనలు కూడా ఎర్తింగ్ పరీక్షను పొడి కాలంలో, పొడి రోజున చేయమంటాయి. 

మన వైపు నేలలు రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. ఎర్రచెల్క, మొరం నేలల్లో నీళ్లు నిలవవు, రెండు మూడు మీటర్ల కిందే రాయి తగులుతుంది. నల్లరేగడిలో తడి ఉన్నంతకాలం ఎర్త్ చాలా బాగుంటుంది. ఎండాకాలంలో అదే నేల నెర్రెలు విచ్చి పైపును వదిలేస్తుంది. ఆగస్టులో బ్రహ్మాండంగా వచ్చిన రీడింగు మేలో రెండింతలైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

సప్లై ఆపకుండా కొలవొచ్చా? ప్రమాదం లేదా?

ఈ మీటరు చేసిందే వైరు విప్పకుండా కొలవడానికి. అలాగని జాగ్రత్తలు వదిలేయకూడదు. ముందు ఎర్త్ వైరును చేత్తో ముట్టుకోకుండా మీటరును కరెంటు రేంజ్‌లో పెట్టి చూడండి. కొన్ని మిల్లీ ఆంపియర్లు ఉండటం మామూలే. ఆంపియర్లలో ఉంటే ఎక్కడో ఇన్సులేషన్ పోయింది, లేదా న్యూట్రల్ కరెంటు ఎర్త్ గుండా పారుతోంది. అప్పుడు ఓం రీడింగు సంగతి పక్కన పెట్టి, ఆ లోపం ముందు పట్టుకోవాలి.

గ్లోవ్స్, పొడి చెప్పులు లేదా బూట్లు తప్పనిసరి. 11 కేవీ స్ట్రక్చర్ దగ్గర పిట్ పక్కన నిలబడి అందే ఎత్తులోనే కొలవండి. పైకి ఎక్కాల్సి వస్తే అది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపించిన అనుమతి) తీసుకుని, అధికారం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. ఉరుములు వినిపిస్తుంటే ఎర్త్ వైరు దగ్గరికే వెళ్లొద్దు.

## కొలిచేటప్పుడు

ఎర్త్ వైరు విప్పి కొలిస్తే ఇంకా కరెక్టుగా వస్తుంది కదా?

రాదు, పైగా ప్రాణాల మీదికి వస్తుంది. వైరు విప్పితే కరెంటు తిరిగొచ్చే దారి తెగిపోతుంది కాబట్టి క్లాంప్ టెస్టర్ ఏమీ చూపించలేదు. నడుస్తున్న సిస్టమ్‌లో ఎర్త్ విప్పితే ఆ తెగిన రెండు కొనల మధ్య ప్రమాదకరమైన వోల్టేజి రావచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ ఎర్త్‌ను సప్లై ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు.

డీటీఆర్ (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) దగ్గర ఏ వైరుకు తగిలించాలి?

తగిలించే ముందు ఏది దేనికి కలిసిందో కళ్లతో వెతుక్కోవాలి. న్యూట్రల్ ఎర్త్ ఎక్కడికి దిగింది, బాడీ ఎర్త్ ఎక్కడికి, లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు కరెంటును భూమిలోకి పంపే పరికరం) వైరు ఎక్కడికి అని ఒక చిన్న బొమ్మ గీసుకోండి. నిబంధన ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలి. రెండు పిట్‌లకు వేర్వేరుగా దిగి ఉంటే, ఒకదానికి క్లాంప్ పెట్టినప్పుడు కరెంటు ఆ పిట్‌లో దిగి రెండో పిట్‌లో పైకొస్తుంది. ఆ లైనుకు ఇంకే ఎర్త్ లేకపోతే మీకు వచ్చేది ఆ రెండు పిట్‌ల మొత్తం.

బాడీ, అరెస్టర్ వైర్లు స్ట్రక్చర్ ఇనుము మీద ఎక్కడో కలిసి ఉంటాయి. పిట్‌లోకి దిగే చివరి భాగంలో, వేరే వైరు ఏదీ వచ్చి కలవని చోట తగిలిస్తేనే రీడింగుకు అర్థం ఉంటుంది.

ఒకే పిట్‌కు రెండు వైర్లు వచ్చాయి. ఏదో ఒకదానికి పెడితే సరిపోతుందా?

సరిపోదు. కరెంటు ఒక వైరులో దిగి, పైపు బిగింపు దగ్గర మలుపు తిరిగి, రెండో వైరులో పైకి వెళ్లిపోతుంది. మట్టిని తాకనే తాకదు. మీకు 0.1, 0.2 ఓం కనిపిస్తుంది, అది ఇనుము రెసిస్టెన్స్. రెండు వైర్లనూ కలిపి ఒకేసారి దవడల మధ్య పట్టండి. పడితే అదే సరైన కొలత. పట్టకపోతే పెద్ద దవడ మీటరు కావాలి, లేదా స్పైకుల పద్ధతికి వెళ్లాలి.

బోర్ మోటరు దగ్గర ఎర్త్‌కు పెడితే ఓఎల్ అని వస్తోంది. మీటరు పాడైందా?

మీటరు పాడు కాలేదు. ఓఎల్ అంటే కొలవగలిగిన రేంజ్ దాటిందని. చుట్టు పూర్తి కాలేదన్నమాట. పొలం దగ్గర స్టార్టర్ డబ్బాకు ఒక పైపు ఎర్త్ ఇచ్చి, మోటరుకు మూడు కోర్ల కేబుల్ మాత్రమే దింపి, హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు వాడితే ఆ ఎర్త్‌కు వేరే తోడు లేదు. కరెంటు దిగాక తిరిగొచ్చే దారి ఉండదు. మోటరు బాడీ నుంచి విడిగా ఎర్త్ వైరు పైకి తెచ్చి స్టార్టర్ డబ్బాకు కలిపి ఉంటే, బోరు నీళ్లలో మునిగిన మోటరే రెండో ఎర్త్‌గా పనిచేసి రీడింగు వస్తుంది.

అయితే ఒకప్పుడు రీడింగు వచ్చిన చోట ఇప్పుడు ఓఎల్ వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వైరు ఎక్కడో తెగింది, లేదా బోల్టు తుప్పు పట్టి వదిలేసింది. పొలంలో తడి కాళ్లతో స్టార్టర్ ముట్టుకునే రైతుకు ఆ ఎర్తే దిక్కు. ఆ రోజే వెతికి బాగుచేయండి.

ఇంట్లో ఒక్కటే పిట్ ఉంది. దీనితో అసలు కొలవలేమా?

నేరుగా కొలవలేం. రెండు దారులున్నాయి. ఖాళీ స్థలం ఉంటే స్పైకుల మెగ్గర్ వాడండి. కరెంటు స్పైకు 30 మీటర్ల దూరంలో పాతితే, వోల్టేజి స్పైకు అందులో 62 శాతం దగ్గర, అంటే 18.6 మీటర్ల దగ్గర పాతాలి. స్థలం లేకపోతే, దూరంలో ఉన్న ఇంకో ఎర్త్ విలువ ముందే తెలిసి ఉంటే, మెయిన్ ఆపి, మీ పిట్‌ను ఆ ఎర్త్‌కు తాత్కాలికంగా ఒక వైరుతో కలిపి క్లాంప్‌తో కొలిచి, తెలిసిన విలువ తీసేయండి. ఇది అంచనాకు పనికొస్తుంది, సర్టిఫికెట్‌కు కాదు.

వైరు మీద పీవీసీ తొడుగు ఉంది, పెయింట్ ఉంది. గీకేయాలా?

అక్కర్లేదు. మీటరు వైరును తాకి కొలవదు, అయస్కాంత క్షేత్రంతో కొలుస్తుంది. తొడుగు మీద నుంచే పెట్టొచ్చు. వైరు దవడల మధ్యలో ఉండేలా, దవడలు పూర్తిగా మూసుకునేలా చూసుకుంటే చాలు.

నాయిస్ గుర్తు వస్తూ రీడింగు ఊగుతోంది, ఏం చేయాలి?

ఆ వైరులో ఇప్పటికే కరెంటు ఎక్కువగా పారుతోంది. మీటరు పంపే చిన్న సిగ్నల్ దానిలో మునిగిపోతోంది. ముందు కరెంటు రేంజ్‌లో ఎంతుందో చూడండి. రైస్ మిల్లుల్లో, స్పిన్నింగ్ యూనిట్లలో వీఎఫ్‌డీ డ్రైవులు (మోటరు వేగం మార్చే పరికరాలు) నడుస్తుంటే ఎర్త్‌లోకి ఎక్కువ ఫ్రీక్వెన్సీ లీకేజీ వస్తుంది. షిఫ్టు మారే టైములో డ్రైవులు ఆపించి కొలిస్తే రీడింగు నిలబడుతుంది. నాయిస్ గుర్తు ఉండగా తెర మీద కనిపించిన అంకెను రిజిస్టర్‌లో ఎక్కించొద్దు.

సెల్ టవర్‌కు, హైటెన్షన్ టవర్‌కు వాడొచ్చా?

వాడొచ్చు గానీ కాళ్ల సంగతి చూసుకోవాలి. నాలుగు కాళ్ల టవర్‌లో ఒక కాలి ఎర్త్‌కు క్లాంప్ పెడితే కరెంటు మిగతా మూడు కాళ్ల గుండా తిరిగొస్తుంది. అది టవర్ మొత్తం విలువ కాదు. భూమిలో రింగ్ ఎర్త్ (టవర్ చుట్టూ పాతిన ఎర్త్ పట్టీ) వేసి అన్నీ కలిపి ఉంటే పూర్తిగా లోహపు చుట్టే కొలుస్తారు. ఇలాంటి చోట ఈ మీటరు కనెక్షన్లు గట్టిగా ఉన్నాయో లేదో చెప్పడానికి బాగా పనికొస్తుంది. పిడుగు పడినప్పుడు ఆ ఎర్త్ ఎలా ప్రవర్తిస్తుందో మాత్రం ఈ అంకె చెప్పదు. పిడుగు కరెంటు చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు వైరు పొడవు, వంపులు కూడా లెక్కలోకి వస్తాయి.

## రీడింగు చూశాక

0.2 ఓం వచ్చింది. ఎర్త్ చాలా బాగున్నట్టే కదా?

చాలామంది మోసపోయేది ఇక్కడే. కాస్త వివరంగా చెప్తాను.

3 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక పైపును 100 ఓం మీటర్ల రెసిస్టివిటీ (మట్టి కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) ఉన్న నేలలో దింపితే, ఎర్తింగ్‌పై భారత ప్రమాణం ఐఎస్ 3043 లోని ఫార్ములా ప్రకారం దాని రెసిస్టెన్స్ సుమారు 30 ఓం. బొగ్గు, ఉప్పు, బెంటోనైట్ (ఒక రకం బంకమట్టి) వేస్తే కొంత తగ్గుతుంది. మంచి తడి రేగడిలో ఇంకా తగ్గుతుంది. ఎంత తగ్గినా ఒక్క పైపు 0.2 ఓంకు రాదు. మొరం, రాతి నేలల్లో 100 కన్నా ఎక్కువ రెసిస్టివిటీయే ఉంటుంది.

అలాంటప్పుడు 0.2 ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటు మట్టిలోకి వెళ్లకుండా లోహం మీదే చుట్టు తిరిగి వచ్చేసింది. షెడ్డు ఇనుప స్తంభం, కేబుల్ ఆర్మర్ (కేబుల్ మీది లోహపు కవచం), నీళ్ల పైపు, స్లాబు ఊచలు, రెండో ఎర్త్ పట్టీ, వీటిలో ఏదో ఒకటి పిట్ దగ్గరే కలిసి ఉంటుంది. ఆ రీడింగు చెప్పేది ఒక్కటే, జాయింట్లు గట్టిగా ఉన్నాయని. భూమిలోకి కరెంటు ఎంత బాగా దిగుతుందో దానికి తెలియదు. పైపు భూమి లోపల పూర్తిగా తుప్పు పట్టి పోయినా పైన 0.2 చూపిస్తూనే ఉంటుంది.

ఏ ఒక్క పిట్ మీదైనా 1 ఓం కన్నా తక్కువ కనిపిస్తే సంతకం పెట్టొద్దు. క్లాంప్‌ను ఇంకా కిందికి, పైపుకు దగ్గరగా జరిపి చూడండి. అక్కడ విలువ ఒక్కసారిగా పెరిగితే అసలు సంగతి దొరికినట్టే. అయినా అనుమానం తీరకపోతే షట్‌డౌన్ తీసుకుని స్పైకులతో ఒకసారి కొలవాల్సిందే.

రీడింగు నుంచి పిట్ అసలు విలువ ఎలా లెక్కకట్టాలి?

రీడింగు అంటే మీరు పట్టిన పిట్ విలువ, దానికి మిగతా పిట్‌లన్నీ సమాంతరంగా కలిసిన విలువ కూడినది. 10 ఓం పిట్‌లు ఆరు ఉన్నాయనుకోండి. ఒకదానిపై క్లాంప్ పెడితే 10కి మిగతా ఐదు కలిసిన 2 ఓం చేరి 12 వస్తుంది. అవే 21 ఉంటే 10.5 వస్తుంది. రెండే ఉంటే 20 వస్తుంది. పిట్‌లు ఎక్కువయ్యేకొద్దీ రీడింగు అసలు విలువకు దగ్గరవుతుంది.

ఈ లెక్క ప్రకారం రీడింగు అసలు విలువ కన్నా ఎక్కువే ఉంటుంది. ఒక మినహాయింపు ఉంది. పిట్‌లు మరీ దగ్గరగా ఉంటే ఒకదాని ప్రభావం ఉన్న మట్టిలోనే ఇంకోటి ఉంటుంది కాబట్టి రీడింగు తక్కువ వచ్చి ఆశ పెడుతుంది. పైపు పొడవుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. 3 మీటర్ల పైపులకు 6 మీటర్లు.

మెగ్గర్‌లో 3 ఓం, క్లాంప్‌లో 12 ఓం. ఏది నమ్మాలి?

రెండూ నిజమే కావచ్చు. 6, 9, 18 ఓం ఉన్న మూడు పిట్‌లు కలిసి ఉన్నాయనుకోండి. క్లాంప్ వాటి మీద వరుసగా 12, 13.5, 21.6 చూపిస్తుంది. అన్నీ కలిపి ఉంచి స్పైకుల మెగ్గర్‌తో కొలిస్తే మూడూ సమాంతరంగా కలిసిన 3 ఓం వస్తుంది. మెగ్గర్ మొత్తం సిస్టమ్‌ను కొలిచింది, క్లాంప్ ఒక్కో చుట్టును కొలిచింది. రిపోర్టులో ఏ పద్ధతితో కొలిచారో రాయకపోతే ఈ గొడవ ప్రతి ఏడాదీ వస్తుంది.

అసలు ఎన్ని ఓం ఉండాలి?

అన్నిటికీ ఒకే అంకె లేదు. పెద్ద సబ్‌స్టేషన్‌కు 1 ఓం, డీటీఆర్‌కు 5 ఓం అని వాడుకలో వినిపిస్తాయి. మీ పనికి వర్తించేది టెండరు స్పెసిఫికేషన్‌లో, డిజైన్‌లో రాసిన విలువ. నా మాటగా చెప్పాలంటే, ఒక ఏడాది అంకె కన్నా ఏడాదికేడాది వచ్చే మార్పే ఎక్కువ చెప్తుంది. పోయిన మేలో 12 ఉన్నది ఈ మేలో 40 అయితే, హద్దులో ఉన్నా లేకున్నా ఆ పిట్ తవ్వి చూడాలి.

5 ఓం కన్నా తక్కువ ఉంది. ఇక షాక్ భయం లేనట్టేనా?

అలా అనుకోవద్దు. 230 వోల్టులను 5 ఓంతో భాగిస్తే 46 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్ కూడా కలుపుకుంటే అంతకన్నా తక్కువే పారుతుంది. 32 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46 ఆంపియర్లకు అది చాలాసేపు పడకుండానే ఉండొచ్చు, అంతసేపూ మోటరు బాడీ మీద కరెంటు ఉంటుంది.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటును కనిపెట్టి సప్లై తెంచే స్విచ్). 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే అది పడిపోతుంది, ఎర్త్ 100 ఓం ఉన్నా పనిచేస్తుంది. ఎర్త్ మీద పెట్టే ఖర్చులో కొంత దీనికీ పెట్టమని ఇంటివాళ్లకు, రైతులకు చెప్పండి. ఇది నేను ఎక్కడికి వెళ్లినా మొహమాటం లేకుండా చెప్పే మాట.

రీడింగు ఎక్కువ వచ్చింది. పిట్‌లో నీళ్లు పోసి మళ్లీ కొలవొచ్చా?

కొలిచే ముందు నీళ్లు పోస్తే ఆ అంకె ఆ పూటకే నిజం. ముందు పొడిగా ఉన్నప్పటి విలువ రాయండి. తర్వాత బోల్టు విప్పకుండానే జాయింటు చూడండి. తెల్లటి పొడి, ఎర్రటి తుప్పు, వదులైన వాషర్ కనిపిస్తే మూలం అదే కావచ్చు, ఎందుకంటే క్లాంప్ చుట్టులోని ప్రతి జాయింటూ రీడింగులో కలుస్తుంది. షట్‌డౌన్ తీసుకున్నాకే విప్పి, గీకి, కొత్త నట్టు బోల్టుతో బిగించండి. 

జాయింటు బాగున్నా ఎక్కువే ఉంటే పిట్‌లో ఉప్పు, బెంటోనైట్ లాంటి మందు వేయాలి, లేదా ఇంకో పైపు దూరంగా దింపి కలపాలి. ఉప్పు వేస్తే త్వరగా తగ్గుతుంది నిజమే, కానీ జీఐ పైపును తినేస్తుంది, వానకు కొట్టుకుపోతుంది. బెంటోనైట్ ఖరీదైనా ఎక్కువకాలం తడి పట్టి ఉంచుతుంది.

రిజిస్టర్‌లో ఏం రాయాలి?

పిట్ నంబరు, తేదీ, నేల పొడిగా ఉందా తడిగా ఉందా, కొన్ని రోజుల ముందు వాన పడిందా, క్లాంప్ ఎక్కడ పెట్టారు, లీకేజీ కరెంటు ఎంత, ఓం రీడింగు ఎంత, మీటరు సీరియల్ నంబరు. క్లాంప్ పెట్టిన చోట వైరు మీద పెయింట్‌తో ఒక గీత పెడితే వచ్చే ఏడాది ఇంకొకరు వచ్చినా అక్కడే కొలుస్తారు.

## మీటరు సంరక్షణ

దవడలు ఎలా శుభ్రం చేయాలి?

దవడలు కలిసే లోహపు ముఖాలే ఈ మీటరుకు ప్రాణం. రెండు ముఖాల మధ్య వెంట్రుకంత సందు ఉన్నా అయస్కాంత మార్గం దెబ్బతిని రీడింగు తప్పుతుంది. పత్తి మిల్లుల్లో నూగు, రైస్ మిల్లుల్లో ఊక దుమ్ము, క్వారీల్లో గ్రానైట్ పొడి అక్కడే చేరతాయి. మెత్తటి పొడి గుడ్డతో ప్రతి పని తర్వాత తుడవండి. ఉప్పు కాగితం, చాకు, వైరు బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. థిన్నర్, పెట్రోలు వద్దు. నూనె, గ్రీజు రాస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. దవడలు తెరిచి టప్పున వదిలేయడం కూడా మానుకోండి, చేత్తో ఆపుతూ మెల్లగా మూయాలి.

బ్యాటరీ గుర్తు వచ్చినా పనిచేస్తోంది కదా, వాడొచ్చా?

వాడొద్దు. ఈ మీటరు కొలవడానికి సిగ్నల్ తానే పుట్టించాలి కాబట్టి బ్యాటరీ బలహీనమైతే అంకెలు నమ్మడానికి వీల్లేదు. సంచిలో ఎప్పుడూ ఒక కొత్త బ్యాటరీ ఉంచుకోండి. నెల రోజులు వాడని పక్షంలో బ్యాటరీ తీసేసి దాచండి. కారిన బ్యాటరీ కాంటాక్టులను తినేస్తుంది.

ఎండాకాలంలో కారులో ఉంచొచ్చా?

ఉంచొద్దు. రామగుండం, కొత్తగూడెం ఎండల్లో మూసిన కారు లోపలి వేడి మీటరు తట్టుకునే హద్దు దాటుతుంది. వెంట తీసుకెళ్లండి, లేదా నీడలో ఉంచండి. ఏసీ గది నుంచి వానాకాలం ఉక్కలోకి తెచ్చినప్పుడు దవడల మీద చెమ్మ పడితే, ఆరిన తర్వాతే ఆన్ చేయండి.

చేతిలోంచి కింద పడింది. పైకి బాగానే ఉంది, వాడొచ్చా?

ముందు దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే, లేదా ముఖాలు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోకపోతే సర్వీసుకు పంపాల్సిందే. కనిపించకపోతే టెస్ట్ రింగ్‌లోని అన్ని విలువలూ సరిచూడండి. ఒక్క విలువ కలిస్తే సరిపోదు. తక్కువ ఓం దగ్గర బాగుండి ఎక్కువ ఓం దగ్గర తప్పే అవకాశం ఉంటుంది. ప్లాస్టిక్ బాడీ పగిలిన మీటరును రింగులో సరిగ్గా చూపించినా లైవ్ ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లొద్దు.

క్యాలిబ్రేషన్ ఎంతకాలానికి ఒకసారి?

ఏడాదికి ఒకసారి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో. ఓం రేంజ్‌తో పాటు కరెంటు రేంజ్ కూడా చేయమని అడగండి, చాలామంది ఓం ఒక్కటే చేయించుకుని వస్తారు. సర్టిఫికెట్‌లో పాస్ అన్న మాట మాత్రమే కాకుండా ఏ విలువ దగ్గర ఎంత తేడా వచ్చిందో ఉండాలి. మీరు ఎక్కువగా కొలిచే 1 నుంచి 50 ఓం మధ్య పాయింట్లు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా మీటర్లలో వందల ఓంలు దాటాక కచ్చితత్వం మాన్యువల్ ప్రకారమే తగ్గుతుంది కాబట్టి ఆ రేంజ్‌లో మాన్యువల్ హద్దు దాటని తేడాను లోపంగా పట్టించుకోనక్కర్లేదు. మీటరును ఏప్రిల్ పనుల మధ్యలో ల్యాబ్‌కు పంపే బదులు జనవరి, ఫిబ్రవరిల్లో పంపితే, టెస్టింగ్ సీజన్ మొదలయ్యేలోపు సర్టిఫికెట్‌తో సహా చేతికొస్తుంది.